యాభైసార్లు ఎక్కిదిగే మనిషికి బెల్టెందుకు?

పొద్దున్న ఎనిమిదయిందంటే చాలు, మా ఆర్మూరు బజారంతా బండ్ల మోతే. పాల వ్యాను, కోడిగుడ్ల వ్యాను, గ్యాస్ సిలిండర్ల బండి, మంచినీళ్ల డబ్బాల ట్రాలీ, హోల్‌సేల్ దుకాణాల నుంచి పల్లెలకి కిరాణా సరుకు మోసే చిన్న ట్రాలీలు, పార్సిళ్లు తెచ్చే కొరియర్ బండ్లు. సంక్రాంతి దాటి పసుపు తవ్వకాలు మొదలైతే ఇక చెప్పనక్కరలేదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన పసుపు కాడి వేరు, గోళ వేరు బస్తాలకెక్కి నిజామాబాదు మార్కెట్ యార్డుకి బయల్దేరుతుంది. మన వంటింట్లోకి వచ్చే ప్రతి వస్తువూ, మన చేలల్లోంచి పోయే ప్రతి పంటా ఎవరో ఒక డ్రైవరు చేతిమీదుగానే కదా పోతోంది!

ఆ బండ్లలో ఒక్కదాన్ని ఆపి లోపలికి తొంగి చూడండి. అద్దం దగ్గర దేవుడి పటం ఉంటుంది. దానికి వాడిపోయిన పూలదండ ఉంటుంది. పాటలు పెట్టుకునే పెట్టె ఉంటుంది. నీళ్ల సీసా, సగం తిన్న గుట్కా పొట్లం, సరుకు బిల్లుల కట్ట ఉంటాయి. సీటు బెల్టు మటుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఓ వారం రోజులు కూరగాయల సంచీ చేత్తో పట్టుకుని, రోడ్డు పక్కన నిలబడి, బెల్టు పెట్టుకున్న డెలివరీ డ్రైవర్లని లెక్కపెట్టాను. నా లెక్కకి రెండు చేతుల వేళ్లు ఎక్కువయ్యాయి.

కథలు రాసుకునే దానికి ఈ లెక్కలెందుకని మా వారు నవ్వారు. ఎందుకంటే, మా వీధిలో బీడీలు చుట్టే ఒకావిడ ఉంది. ఆమె భర్త ఒక హోల్‌సేల్ దుకాణంలో ట్రాలీ నడిపేవాడు. జీతం కొంత, ట్రిప్పుకింత అని కొంత. మొన్న ఎండాకాలం ఒక ఊళ్లో సబ్బుల పెట్టెలు దింపి, రెండు కిలోమీటర్ల అవతల ఇంకో ఊరికి పోతుంటే బర్రె అడ్డమొచ్చింది. తప్పించబోయి బండిని చింతచెట్టుకి కొట్టాడు. నలభై మీద కూడా పోవట్లేదంటాడు. ఛాతీ వచ్చి స్టీరింగుకి తగిలింది. మూడు పక్కటెముకలు విరిగాయి. నుదుటి మీద కుట్లు పడ్డాయి. బర్రె తన దారిన తాను పోయింది.

రెండు నెలల పైచిలుకు ఆయన మంచం మీదే. షావుకారు ఆస్పత్రి ఖర్చులో సగం ఇచ్చి, ఆ మరుసటి వారమే ఇంకో డ్రైవరుని పెట్టుకున్నాడు. ఇల్లు గడిచింది ఆమె చేతివేళ్ల మీద. తెల్లారి అయిదింటికి చాట ముందేసుకుని కూర్చుంటే రాత్రి పదకొండు దాకా తునికాకు, తంబాకు, దారం... మధ్యలో ఆయనకి మందులు, పిల్లలకి బువ్వ. "బెల్టు లేదా బండిలో?" అని అడిగాను. "ఉన్నదక్కా. కొత్త సీటు కవరు ఏపిచ్చిండు షావుకారి. బెల్టు దాని కిందికి పోయింది" అన్నది.

చూశారా, ప్రాణం నిలబెట్టే వస్తువు మీద రెగ్జిన్ కవరు కుట్టించాం! ఆ ఒక్క మాటతోనే నాకు ఈ సంగతి అంతుబట్టినట్టయింది. బెల్టు పెట్టుకోని డ్రైవరుని తిట్టడం సులువు. కానీ ఆ కవరు కుట్టించింది డ్రైవరు కాదు.

నలభై వేగమంటే ఎంత ఎత్తు?

"నలభైలో పోతే ఏమైతది?" అనేది అందరి మాటా. కాలేజీలో చదువుకున్న భౌతికశాస్త్రం ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్కసారిగా గోడకో చెట్టుకో తగిలి ఆగిందనుకోండి. అది సుమారు ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీదినుంచి కింద పడ్డంత దెబ్బ. 60 కిలోమీటర్లయితే పద్నాలుగు మీటర్లు, నాలుగంతస్తుల పైనే. బండి ఆగుతుంది గానీ లోపల కూర్చున్న మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకి పోతూనే ఉంటాడు, స్టీరింగో అద్దమో ఆపేదాకా. చేతులు ఆనించి ఆపుకుంటానని కొందరంటారు. రెండంతస్తుల మీదినుంచి దూకి చేతుల మీద ఆగగలిగే వాళ్లకి ఆ మాట చెల్లుతుంది.

బెల్టు చేసేదల్లా మనిషిని బండితోపాటే ఆపడం. అదీ గట్టి ఎముకల మీద, అంటే తుంటి, ఛాతీ, భుజాల మీద దెబ్బని పంచుతూ ఆపడం. ఇప్పుడు మనం చూసే, మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టుని స్వీడన్ దేశంలో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. 1959లో అది కార్లలోకి వచ్చింది. ఆ పేటెంటుని కంపెనీ తన దగ్గరే దాచుకోకుండా మిగతా కార్ల తయారీదార్లూ వాడుకోనిచ్చింది. డ్రైవరు, ముందు సీట్లో కూర్చున్నవాళ్లు చనిపోయే ప్రమాదాన్ని బెల్టు దాదాపు సగానికి తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సగం అంటే మాటలా? ఏ మందు బిళ్ల అంత పని చేస్తుంది?

మన దేశం లెక్క చూస్తే గుండె జారిపోతుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715 మంది. అందులో 8,384 మంది డ్రైవర్లు, మిగిలిన 8,331 మంది వాళ్లతో ప్రయాణం చేస్తున్నవాళ్లు. ఆ రెండో అంకె మీద మనమందరం ఒకసారి ఆగాలి. పక్క సీట్లో, వెనక సీట్లో కూర్చునేది మనమే కదా.

పెద్దవాళ్ల ఇళ్లల్లోనూ ఇదే కథ జరిగింది. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకి వస్తూ శోభా నాగిరెడ్డి ప్రమాదానికి గురై చనిపోయారు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ తానే కారు నడుపుతూ పోయారు. ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదనీ, బండిలోంచి బయటికి విసిరినట్టు పడ్డారనీ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చుని పోయాక, వెనకవాళ్లకీ బెల్టుంటుందన్న సంగతి దేశానికి గుర్తొచ్చింది. వాళ్ల గురించి పేపర్లు రాశాయి. ట్రాలీ డ్రైవరు గురించి రాసేది ఆస్పత్రి చీటీ మీద మాత్రమే.

డ్రైవర్ల మాట కూడా వినాలి కదా

మా ఊరి దగ్గర రెండు జాతీయ రహదార్లు కలుస్తాయి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు రోడ్డు ఒకటి. పెద్దవాళ్లింకా ఏడో నంబరనే అంటారు. నిజామాబాదు నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రోడ్డు ఇంకొకటి. పెర్కిట్ చౌరస్తా దగ్గర టీ కొట్టు ముందు నలుగురైదుగురు డ్రైవర్లు ఎప్పుడూ ఉంటారు. మా మరిదిని వెంటబెట్టుకుని పోయి వాళ్లతో మాట్లాడాను.

"అక్కా, నేను దినానికి యాభై అరవై జాగల దిగుత. ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు. పెట్టుడు తీసుడుకే పొద్దువోతది" అన్నాడు గుడ్ల వ్యాను నడిపే అబ్బాయి. ఇంకొకాయన చెమట సంగతి చెప్పాడు. ఏప్రిల్, మే ఎండల్లో ఇంజను మీద కూర్చున్నట్టే ఉంటుందట ఆ క్యాబిన్లో. బెల్టు కింద చొక్కా తడిసి దద్దుర్లు లేస్తాయట. మూడో ఆయన బండిలో బెల్టు తెగి ఏడాదయింది. యజమానికి రెండుసార్లు చెప్పాడు. "టైర్లు ముందుగాల, బెల్టు తర్వాత అన్నడు" అని నవ్వాడు. డ్రైవరుకీ పక్కనున్న హమాలీకీ మధ్యలో ఇంకో మనిషిని ఇరికిస్తారు కదా, ఆ మనిషికి బెల్టనేదే లేదు. ఆ ఇరుకులో డ్రైవరుకి బెల్టు బకిల్ దొరకదు, మధ్యవాడి తొడ కిందికి పోతుంది.

ఇవన్నీ సాకులని నేననను. వాటిలో నిజముంది. కానీ మొదటి మాటకి ఒక చిన్న లెక్క చెప్పాను. బెల్టు పెట్టడానికీ తీయడానికీ కలిపి ఆరు సెకన్లనుకుందాం. యాభైసార్లకి మూడొందల సెకన్లు. అంటే అయిదు నిమిషాలు. "మనం ఈ టీ తాగుడు మొదలువెట్టి పది నిమిషాలాయె తమ్మీ" అన్నాను. అందరూ నవ్వారు. గుడ్ల వ్యాను అబ్బాయి మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. "అయిదు నిమిషాలు నావి కాదక్కా, షావుకారియి. ఆయన ట్రిప్పు లెక్క సూస్తడు" అన్నాడు. అసలు ముడి అక్కడుంది. ట్రిప్పుకింత అని లెక్కగట్టిన చోట ప్రతి నిమిషమూ డ్రైవరు జేబులోంచే పోతుంది. కాబట్టి తొందరపడేది ఆయన అయినా, తొందరపెట్టేది ఆ లెక్క.

వీధిలో వరసగా ఇరవై ఇళ్లకి నీళ్ల డబ్బాలు దింపే బండి అడుగడుక్కీ బెల్టు పెట్టుకోవాలంటే ఎవరికైనా విసుగే. ఈ కష్టం ఇంగ్లండు వాళ్లకీ తెలుసు. అందుకే అక్కడి నిబంధనల్లో సరుకు పంచే బండ్లకి ఒక సడలింపు ఉంది. ఒక చోట దింపి ఇంకో చోట దింపడానికి మధ్య దూరం 50 మీటర్లు దాటకపోతే బెల్టు అక్కర్లేదు. దాటితే పెట్టుకోవాల్సిందే. 50 మీటర్లంటే మా వీధి మొదట్లో ఉన్న పిండిగిర్ని నుంచి మా ఇంటి దాకా. రెండు కిలోమీటర్లు కాదు!

మన దగ్గర ఆ సడలింపు కూడా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ప్రకారం బెల్టు అమర్చిన బండి కదులుతున్నంతసేపూ డ్రైవరు, ముందు సీట్లో మనిషి, ముందుకి తిరిగి ఉన్న వెనక సీట్లలో మనుషులు అందరూ బెల్టు పెట్టుకోవాలి. కదులుతున్నంతసేపూ అన్నారు గానీ ఎంత దూరమని అనలేదు. 2019 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం చట్టంలో దీనికి జరిమానా వెయ్యి రూపాయలు. రోడ్డు మీద కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్రాలు వేరుగా పెట్టుకోవచ్చు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకుపోయినా అంతే జరిమానా. మూడు చక్రాల ఆటో ట్రాలీలకి ఈ బెల్టు నియమం వర్తించదు. బైకు మీద పార్సిళ్లు తెచ్చే పిల్లలకి హెల్మెట్టే బెల్టు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లు అమ్మడమే నేరం. అయినా రోడ్డు పక్కన అమ్మే ప్లాస్టిక్ టోపీలు కొని పెట్టుకుంటున్నారు.

దుబాయిలో ఒక తీరు, ఆర్మూరులో ఒక తీరు

మా ప్రాంతంలో ఇంటికొకరు గల్ఫుకి పోయినవాళ్లే అంటే అతిశయోక్తి కాదు. టీ కొట్టు దగ్గరున్న వాళ్లలో ఒకాయన తొమ్మిదేళ్లు దుబాయిలో డెలివరీ వ్యాను నడిపి వచ్చాడు. అక్కడ 2017 జూలై నుంచి బండిలో ఉన్నవాళ్లంతా బెల్టు పెట్టుకోవాలి. లేకపోతే నాలుగొందల దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద నాలుగు నల్ల పాయింట్లు. "అక్కడ బెల్టు పెట్టకుంట తాళంచెవి తిప్పలేదక్కా ఎన్నడు. కఫీలుకు తెలిస్తె నౌకరి పోతది" అన్నాడు. "మరి ఇక్కడ?" అంటే తల గోక్కున్నాడు. "ఇక్కడ పెట్టుకుంటె పక్కోడు నవ్వుతడు. ఏందిరా, ఇమానం తోలుతున్నవా అంటడు."

అదే మనిషి, అవే చేతులు. భయం ఒక్కటే అక్కడ వదిలేసి వచ్చాడు. భయంతోనే మంచి అలవాట్లు వస్తాయని నేను నమ్మను గానీ, నవ్వులాటకి జంకి ఛాతీని స్టీరింగుకి అప్పగించడం మటుకు నాకు అర్థం కాదు. ఒకమాట చెప్పనా? విమానంలో పోయేటప్పుడు మన ఊరివాళ్లంతా బుద్ధిగా బెల్టు పెట్టుకుంటారు. అక్కడెవరూ నవ్వరు!

ఇంతకంటే వింత ఇంకోటుంది. కొత్త కార్లలో బెల్టు పెట్టుకోకపోతే కూతపెడుతుంది కదా. ఆ కూత నోరు మూయించడానికి బెల్టు బదులు బకిల్లో దూర్చే ఇనుప క్లిప్పులు తయారుచేసి అమ్మారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకి ఉత్తర్వులిచ్చింది. వాళ్ల జాబితాల్లోంచి అలాంటివి 13,118 తీసేయించింది. ఆ క్లిప్పుల్ని డబ్బాలో పెట్టి ఇంటింటికీ చేరవేసింది కూడా ఎవరో ఒక డెలివరీ డ్రైవరే కదా!

మనం చేసే తొందర

ఇక మన సంగతి. "ఎక్కడున్నవ్? ఇంకా రాలేదు?" అని బండి నడిపే మనిషికి ఫోన్ చేసేది ఎవరు? సిలిండరు కోసం, పార్సిలు కోసం, ఆదివారం చుట్టాలొచ్చినప్పుడు అంకాపూర్ నాటుకోడి కూర కోసం మనమే. ఆ ఫోను ఎత్తడానికి ఆయన ఒక చేయి స్టీరింగు మీదినుంచి తీస్తాడు. నడుపుతూ ఫోను చేత్తో పట్టుకుంటే వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా పడొచ్చు. ఆ జరిమానా మనం కట్టం. ఎదురుచూస్తున్న సరుకు పది నిమిషాలు ఆలస్యమైతే మన పొయ్యి ఆరిపోదు. ఫోను చేయాల్సివస్తే "బండి ఆపినంక మాట్లాడు తమ్మీ" అని పెట్టేయండి. మా పక్కింటి పిన్ని అలాగే చేస్తుంది. నీళ్ల డబ్బాల అబ్బాయి ఇప్పుడు బండి ఆపి, తానే ఫోన్ చేస్తున్నాడు.

దుకాణాలు నడిపే ఇళ్ల ఆడవాళ్లకి ఇంకో అధికారం ఉంది. మా ఊళ్లో చాలా దుకాణాల గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అమ్మలూ, కోడళ్లూనే. బండికి సీటు కవరు వేయించేటప్పుడు బెల్టు బయటికి రావడానికి చీలిక పెట్టించమని చెప్పేది మీరు కావచ్చు. నేను చెప్పానే, మా వీధి బీడీలావిడ, ఆయన ఇప్పుడు వేరే దుకాణం బండి ఎక్కాడు. అందులోనూ కవరు అదే తీరుగా ఉంటే, ఆమె ఆకులు కోసే కత్తెర తీసుకుపోయి బకిల్ వచ్చే చోట కోసి, అంచు సూదీదారంతో కుట్టి వచ్చింది. షావుకారుకి చెప్పారో లేదో నేనడగలేదు.

బెల్టు బాగుందో లేదో చూడటం మిక్సీ బాగుందో లేదో చూసినంత తేలిక. మెల్లగా లాగితే రావాలి. గుంజితే బిగుసుకోవాలి. వదిలితే తనంతట తాను లోపలికి చుట్టుకోవాలి. అంచులు పీచులేచినా, మధ్యలో కోసుకుపోయినా మార్చాల్సిందే. గట్టి ప్రమాదం జరిగిన బండిలో బెల్టు చూడ్డానికి బాగానే ఉన్నా మార్చాలి, ఒకసారి అంత బరువు ఆపాక దాని సత్తువ పోతుంది. పెట్టుకునేటప్పుడు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ భుజం మధ్యనుంచి రావాలి. మెడ ఒరుసుకుంటోందని చంక కింది నుంచి తీస్తారు కొందరు, అది పక్కటెముకల్ని విరిచే పద్ధతి. పోలీసులు కనబడగానే బకిల్లో పెట్టకుండా ఒంటిమీదికి లాక్కుని పట్టుకోవడం ఇంకో విద్య! గర్భిణులు బెల్టు పెట్టుకోకూడదనే అపోహ మన ఇళ్లల్లో బాగా ఉంది. పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్ట కిందుగా తుంటి మీద, పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా రావాలి. చీర కుచ్చిళ్లు కింది పట్టీ కింద ముద్దగా లేకుండా సర్దుకుంటే చాలు.

పసుపు తవ్వకాలప్పుడు పొద్దున్నే మీరూ చూసే ఉంటారు. సరుకు మోసే ట్రాలీల్లో ఇరవైమంది ఆడకూలీలు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో నిలబడి పోతుంటారు. వాళ్లకి బెల్టు మాట దేవుడెరుగు, కూర్చోను సీటే లేదు. వాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకి ఆ బండి ఇన్సూరెన్సు వర్తించదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమానికీ, ఆయన తరఫున సరుకు వెంట పోయే మనిషికీ మాత్రమే వర్తిస్తుంది. కూలికి పోయే అక్కలకి బండి పంపే రైతులు ఆటోలో, జీపులో పంపితే రోజుకి ఖర్చు కొంత పెరుగుతుంది నిజమే. క్వింటాలు పసుపు ధర చెప్పేటప్పుడు అదీ ఖర్చులో వేసుకోవాలి.

ట్రాలీ వెనక బస్తాలకి తాడు బిగించడం కూడా బెల్టు కిందికే వస్తుందని నా అభిప్రాయం. గట్టిగా బ్రేకు వేస్తే బస్తాలు జారి క్యాబిన్ గోడ మీదికే వస్తాయి. సాంగ్లీ దాకా పసుపు తీసుకుపోయే బండ్లు రాత్రంతా నడుస్తాయి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకి ఎనిమిది గంటల పని, అయిదు గంటలకి మించి ఏకబిగిన నడపకుండా మధ్యలో కనీసం అరగంట విరామం అని రాశారు. ఆ చట్టం 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో కలిసిపోయింది. నిద్ర ముంచుకొచ్చే వేళకి మటుకు ఏ స్మృతీ అడ్డురాదు.

బీరువాలో ఏ కాగితాలున్నాయి?

డ్రైవర్ల ఇళ్లల్లోని అక్కచెల్లెళ్లకి ఈ కొన్ని సంగతులు చెప్పాలని ఉంది. మీ ఇంటాయన లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో ఒకసారి తీసి చూడండి. కారు నడిపే లైసెన్సుతో చిన్న ట్రాలీ నడపొచ్చా లేదా అనే గొడవ ఏళ్ల తరబడి నడిచింది, ఇన్సూరెన్సు కంపెనీలు ఆ సాకుతో క్లెయిములు తిరగ్గొట్టాయి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 7,500 కిలోలలోపు రవాణా బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చు. కాబట్టి ఎవరైనా ఆ కారణం చెబితే ఊరుకోనక్కర్లేదు.

బండి సొంతమైతే పాలసీ కాగితంలో యజమాని డ్రైవరుకి పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోవాలి. వారసులుగా ఎవరి పేరు రాశారో కూడా. బండి షావుకారుదైతే ఆ పదిహేను లక్షలు మీకు రావు. అది యజమానికే. జీతానికి నడిపే మనిషికి పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలన్నది 1923 నుంచీ మన చట్టాల్లో ఉన్న హక్కు. ఆస్పత్రి బిల్లులో సగం ఇవ్వడం దయ కాదు. ఆ దుకాణంలో పని చేస్తున్నట్టు రుజువు కావాలి గనక, జీతం చీటీ గానీ, బ్యాంకులో జీతం పడ్డ పుస్తకం గానీ, సరుకు బిల్లు మీద ఆయన పేరు గానీ ఏదో ఒకటి దాచిపెట్టుకోండి. యాప్‌ల ద్వారా ఆహారం, సరుకులు చేరవేసే వాళ్లకి తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో అయిదు లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే కార్మిక శాఖ ఆఫీసులో అడగండి.

ప్రమాదం జరిగిన వెంటనే డబ్బు కట్టేదాకా వైద్యం మొదలుపెట్టరనే భయం ఇంకా ఉంది. 2025 మే నెల నుంచి కేంద్రం ఒక పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వాళ్లెవరికైనా, ఆ పథకంలో చేరిన ఆస్పత్రుల్లో, ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకూ నగదు కట్టకుండా వైద్యం చేయాలి. డబ్బున్నవాళ్లా లేనివాళ్లా అని చూడరు. అలాగే పడిపోయిన మనిషిని ఆస్పత్రిలో చేర్చిన వాళ్లని పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకూడదని మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కింద చేసిన నిబంధనల్లోనే ఉంది. జాతీయ రహదారి మీదయితే 1033, ఎక్కడైనా 108, 112. ఈ మూడు నంబర్లూ మా గ్యాసు పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాను. మొన్న సిలిండరు తెచ్చినాయన సంతకం పెట్టించుకుంటూ వాటిని చూసి, "ఈ 1033 ఏందమ్మా?" అని అడిగి తన ఫోనులో ఎక్కించుకుని పోయాడు.